సింగపూర్ జొహోర్ బ్యాటరీ: ఆ ఫిరంగులు నిజంగా తప్పు దిక్కుకే చూశాయా?

జురాంగ్_సుధ

అందరికీ నమస్కారం. నాన్నగారు వైజాగ్ నుంచి మా దగ్గరికి వచ్చారు. పాత యుద్ధాల సంగతులంటే ఆయనకు ప్రాణం. అందుకని చాంగిలో ఉన్న జొహోర్ బ్యాటరీకి తీసుకెళ్లాను. అసలు ఫిరంగి లేదు, నమూనా పెట్టారు. నేల కింద మందుగుండు గదులున్నాయట గానీ మేం పైనుంచే చూసి వచ్చాం.

1942లో బ్రిటిష్‌వాళ్ల చేతిలోంచి సింగపూర్ జపాన్‌కి పోయిన సంగతి గుర్తు చేసుకుంటూ నాన్నగారు అక్కడ నిలబడి అన్నారు: "ఫిరంగులన్నీ సముద్రం వైపు బిగించేశారమ్మా. జపాన్ వాళ్లు వెనకనుంచి అడవుల్లో పడి వచ్చారు. ఇవి వెనక్కి తిరగలేదు. అంతే, సింగపూర్ పోయింది." నేనూ చిన్నప్పుడు ఇదే విన్నాను. ఇక్కడి వాళ్లేమో అవి నేల వైపు కూడా పేలాయంటున్నారు. ఏది నిజం? ఇంకో సంగతి, బ్యాటరీ అంటే ఒక ఫిరంగా, ఒక కోటా? నేల కింద ఏముంటుంది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. నాన్నగారికి చదివి వినిపిస్తాను.

పాతకోటలు

సుధ గారూ, ఫిరంగుల సంగతి చెప్పాలంటే ముందు అవి కాపలా కాసిన నౌకాస్థావరం గురించి చెప్పాలి.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక రెండు మహాసముద్రాల్లో రెండు పెద్ద నౌకాదళాలు నిలిపే డబ్బు బ్రిటన్ దగ్గర లేదు. నౌకలన్నీ యూరప్ దగ్గరే ఉంటాయి, జపాన్‌తో గొడవ వస్తే అప్పుడు తూర్పుకి పంపుదాం, అవి వచ్చి ఆగడానికి, మరమ్మతులకు సింగపూర్‌లో పెద్ద స్థావరం కడదాం అని 1921లో నిర్ణయించారు. ద్వీపానికి ఉత్తరాన, జొహోర్ జలసంధి ఒడ్డున, సెంబవాంగ్‌లో కట్టారు. 1924లో లేబర్ ప్రభుత్వం పని ఆపేసింది. తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. 1929 తర్వాత మళ్లీ నత్తనడక. జపాన్ మంచూరియాలోకి, షాంఘైలోకి దిగాక గానీ లండన్‌కి తొందర పుట్టలేదు. చివరికి 1938 ఫిబ్రవరిలో ప్రారంభించారు.

నౌకాదళం వచ్చేదాకా ఆ స్థావరాన్ని ఎవరో ఒకరు కాపాడాలి. ఆ పని తీరంలోని ఫిరంగులది. జలసంధికి అవతల ఉన్న జొహోర్ రాజ్యం సుల్తాన్ ఇబ్రహీం 1935లో ఐదో జార్జి రజతోత్సవానికి 5 లక్షల పౌండ్లు కానుక ఇచ్చాడు. అందులో 4 లక్షలు ఈ 15 అంగుళాల (అది గొట్టం లోపలి వెడల్పు) ఫిరంగులకే పోయాయి. అందుకే ఆ బ్యాటరీ సింగపూర్ నేల మీద ఉన్నా పేరు మాత్రం జొహోర్‌ది.

మొత్తం లెక్క ఇదీ: 15 అంగుళాలవి 5 (చాంగిలో జొహోర్ బ్యాటరీలో 3, పడమర బ్యూనా విస్టాలో 2), 9.2 అంగుళాలవి 6, 6 అంగుళాలవి 18. వెరసి 29. తూర్పు వైపువన్నీ చాంగి కమాండ్ కింద, ఊరి రేవు వైపువి ఫేబర్ కమాండ్ కింద పనిచేసేవి. జొహోర్ బ్యాటరీ చాంగిలో ఎందుకంటే జలసంధి తూర్పు ముఖద్వారం అక్కడే. సెంబవాంగ్ మీదికి రావాలనుకునే యుద్ధనౌక అటునుంచే రావాలి.

తప్పు దిక్కు సంగతి తర్వాత రాస్తాను, ఆఫీసుకి టైమయింది.

వైజాగ్_వాసు

సుధ గారూ, మీ నాన్నగారు మా ఊరివారే అన్నమాట. మా బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ అని ఉంది కదా, రోజూ ఆటోవాళ్లతో ఆ పేరే చెప్పి దిగుతాం. అలాంటిచోట అసలు ఏం జరిగేదో ఎవరైనా చెబితే నాకూ వినాలనుంది. కొండ మీద ఫిరంగి పెట్టి, నౌక కనబడితే పేల్చడమేనా?

గన్నర్_రిటైర్డ్

వాసు తమ్ముడూ, నేను ఆర్టిలరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అంత తేలికైతే మాకు లెక్కలు నేర్పేవాళ్లు కాదు.

బ్యాటరీ అంటే ఒక ఫిరంగి కాదు, కోటా కాదు. ఒకే కమాండర్ కింద, ఒకే లక్ష్యం మీదికి కలిసి పేలే కొన్ని ఫిరంగులు, వాటిని నడిపే మనుషులు, వాటికి కళ్లుగా ఉండే పరిశీలన కేంద్రాలు, మందుగుండు గదులు, కరెంటు ఇంజన్లు, టెలిఫోన్ తీగలు, సెర్చ్‌లైట్లు, ఇవన్నీ కలిపి బ్యాటరీ. ఫిరంగి దగ్గరున్న జవానుకి చాలాసార్లు నౌక కనబడదు కూడా. ఎక్కడో కొండ మీద కూర్చున్నవాడు చూసి, లెక్కకట్టి, ఫోన్లో చెబితే వీడు తిప్పి పేలుస్తాడు.

దూరం ఎలా కొలిచేవారో చెబుతాను, ఇందులోనే అందమంతా ఉంది. నేను సముద్రమట్టానికి 60 మీటర్ల ఎత్తున కూర్చున్నాననుకో. దుర్భిణిని నౌక అడుగుభాగం నీటిని తాకేచోటికి వంచాను. ఎంత కోణం వంగిందో చూశాను. ఎత్తు తెలుసు, కోణం తెలుసు, దూరం దానంతటదే తేలుతుంది. నౌక 6 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ కోణం అర డిగ్రీ కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి పరికరం కింద కాంక్రీటు దిమ్మె వెంట్రుకవాసి కూడా కదలకూడదు. అందుకే పరిశీలన కేంద్రాల్లో ఆ దిమ్మెను చుట్టూ ఉన్న నేలతో కలపకుండా కట్టేవారు. మనిషి నడిచిన అదురు కూడా దానికి తగలకూడదు.

ఇంకో చిక్కు ఉంది. సముద్రమట్టం రోజంతా ఒకలా ఉండదు. పాటు వచ్చి నీళ్లు 2 మీటర్లు దిగాయనుకో, నా ఎత్తు 60 కాదు, 62. ఆ తేడా సరిచేయకపోతే 6 కిలోమీటర్ల మీద 200 మీటర్లు తప్పుతుంది. యుద్ధనౌక పొడవే అంత ఉంటుంది. అంటే గుండు నౌకకి ముందో వెనకో నీళ్లలో పడుతుంది. అందుకని పోటు పాటుల పట్టిక చూసి, వేళని బట్టి పరికరాన్ని సరిచేస్తూ ఉండాలి. మన జాలర్లు గాలి, నీళ్లు చూసి వల వేసినంత శ్రద్ధ కావాలి దీనికి.

ఇది దగ్గరి దూరాల సంగతి. 15 అంగుళాల ఫిరంగి 30 కిలోమీటర్లకు పైగా కొడుతుంది. 60 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే భూమి గుండ్రదనం వల్ల నీళ్ల అంచు కనిపించేదే 30 కిలోమీటర్ల లోపు. అంత దూరానికి కోణం పద్ధతి పనికిరాదు. తీరం పొడుగునా దూరదూరంగా ఉన్న రెండు కేంద్రాల నుంచి నౌక దిక్కు చూసి, ఆ రెండు గీతలూ మ్యాపు మీద ఎక్కడ కలుస్తాయో ప్లాటింగ్ గదిలో తేల్చేవారు. అదీ నౌక ఇప్పుడెక్కడుందో కాదు, గుండు వెళ్లి పడేసరికి ఎక్కడుంటుందో. అంత దూరం వెళ్లడానికి గుండుకి నిమిషానికి పైగా పడుతుంది. 25 నాట్ల వేగంతో పోయే నౌక ఆలోపు దాదాపు కిలోమీటరు జరిగిపోతుంది.

వైజాగ్_వాసు

గన్నర్ గారూ, దండం. సేవ్ చేసుకున్నా.

ఇటుకా_సున్నం

సుధ గారు నేల కింద ఏముంటుందని అడిగారు. నేను సివిల్ ఇంజనీర్‌ని, సింగపూర్‌లోనే పనిచేస్తున్నాను. ఇది నాకు ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువ రాస్తే ఓపిక పట్టండి.

జొహోర్ బ్యాటరీలో ఒక్కో ఫిరంగి కింద మూడంతస్తుల లోతు ఉన్న మందుగుండు కట్టడం ఉండేది. పైన కనిపించేది కాంక్రీటు గుంట, మధ్యలో ఫిరంగి. అసలు కట్టడం కిందే ఉంది. దాని ప్లాను మొత్తాన్ని ఒకే భయం నడిపిస్తుంది: ఒకచోట నిప్పు పుడితే రెండోచోటికి పోకూడదు. గుండ్లు ఒక గదిలో, కార్డైట్ (గుండుని గొట్టంలోంచి తోసే మందు) ఇంకో గదిలో. ఈ రెండూ కలిసేది పైన ఫిరంగి వెనకభాగం దగ్గరే. నడవాలు తిన్నగా ఉండవు, మలుపులు తిరుగుతాయి. పేలుడు గాలి నేరుగా దూసుకుపోకుండా గోడకి కొట్టుకుని బలం తగ్గాలని. గుండ్లను పైకి తేవడానికి హైడ్రాలిక్ లిఫ్టులు. ఆ లిఫ్టులకు, లైట్లకు కరెంటు కావాలి, దానికి వేరే ఇంజన్ గది.

ఇక్కడి వాతావరణంలో అన్నిటికంటే పెద్ద శత్రువు తేమ. కార్డైట్ తడి తగిలినా, వేడెక్కినా దాని మండే తీరు మారుతుంది. తీరు మారితే గుండు వేగం మారుతుంది, గన్నర్ గారు చెప్పిన లెక్కలన్నీ తప్పుతాయి. సింగపూర్‌లో ఏడాదంతా వాన, ఉక్క. అందుకని మందుగుండు గదుల్లో గాలి ఆడడానికి, నీళ్లు ఊరితే బయటికి పోవడానికి చేసే ఏర్పాట్లు ఫిరంగి ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

దీనికంటే పాత పద్ధతి చూడాలంటే సెంతోసాలో ఫోర్ట్ సిలోసోకి వెళ్లండి. 1870ల్లో కొండ నెత్తిని చదును చేసి మొదలుపెట్టిన కోట. ఆ కాలపు బ్రిటిష్ మందుగుండు గదుల్లో కరెంటు లేదు, దీపమే దిక్కు. మందు పీపాల మధ్య దీపం పెట్టలేరు కదా. గోడకి గూడు కట్టి, గది వైపు మందపాటి గాజు బిగించేవారు. దీపాన్ని వెనకవైపు ఇంకో సన్నటి నడవాలోంచి వచ్చి ఆ గూట్లో పెట్టేవారు. వెలుగు గదిలోకి వస్తుంది, మంట రాదు. లోపలికి పోయేవాడు బూట్లు, బొత్తాలు, ఇనుము తగిలే బట్టలన్నీ విప్పి వేరేవి వేసుకుని అడ్డకట్ట దాటాలి. మేకు రాతికి తగిలి ఒక్క నిప్పురవ్వ లేచినా చాలు మరి. ఇలాంటి గది గోడలో ఖాళీ గూడు చూసినప్పుడల్లా కట్టినవాడి బుద్ధికి చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

జురాంగ్_సుధ

చాలా థాంక్స్ అండీ. నాన్నగారు రెండుసార్లు చదివించుకున్నారు. మా పెద్దవాడి ప్రశ్న: అంత బరువు గుండుని గొట్టంలోకి ఎలా ఎక్కించేవారు?

గన్నర్_రిటైర్డ్

బాబుకి ఇలా చెప్పండమ్మా. గుండు బరువు 879 కిలోలు, చిన్న కారంత. మనుషులు ఎత్తలేరు. కింద గదిలో పైకప్పుకి బిగించిన పట్టాల మీద గొలుసు కప్పీతో గుండుని ఎత్తి, జరుపుకుంటూ వచ్చి లిఫ్టులో పెడతారు. పైకొచ్చాక అది ఫిరంగి వెనకభాగానికి తిన్నగా ఒక పళ్లెం మీద పడుతుంది. యంత్రంతో పనిచేసే పొడుగాటి కడ్డీ దాన్ని గొట్టంలోకి గట్టిగా తోస్తుంది. గుండు అడుగు వైపు చుట్టూ రాగి పట్టీ ఉంటుంది. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటాయి. రాగి మెత్తన కాబట్టి తోపుకి ఆ పట్టీ గాళ్లలో కరుచుకుంటుంది. సరిగా కరవకపోతే గొట్టం పైకెత్తినప్పుడు గుండు వెనక్కి జారుతుంది, అది చాలా ప్రమాదం.

తర్వాత కార్డైట్, సుమారు 195 కిలోలు, నాలుగు సంచుల్లో. ఆ సంచులు పట్టువి. పట్టు పూర్తిగా కాలిపోతుంది, నిప్పు కణిక మిగలదు. నూలు సంచి అయితే కాలుతున్న పీలిక గొట్టంలో మిగిలి, తర్వాత పెట్టే సంచిని అంటించేస్తుంది. ఆ తర్వాత వెనక తలుపు తిప్పి బిగించడం, పేల్చడం. గొట్టం ఒక్కటే వంద టన్నుల బరువు. క్వీన్ ఎలిజబెత్, వార్‌స్పైట్, హుడ్ లాంటి యుద్ధనౌకల మీద ఉన్నదీ ఈ రకం గొట్టమే. నౌక మీద అది నలుగురికి కనబడుతుంది, ఇక్కడ గుంటలో దాక్కుంటుంది, అంతే తేడా.

పాతకోటలు

ఇప్పుడు తప్పు దిక్కు సంగతి. సుధ గారూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పి ఇది వినిపించండి.

ఫిరంగులు తిరగలేదన్నది నిజం కాదు. జొహోర్ బ్యాటరీ ఫిరంగులు ఉత్తరానికి తిరిగాయి. 1942 ఫిబ్రవరిలో జొహోర్ బారు వైపు, తర్వాత ద్వీపం మీద దిగిన జపాన్ దళాల మీద మొత్తం 194 గుండ్లు పేల్చాయి. బ్లాకాంగ్ మాటి ద్వీపంలో, అంటే ఇప్పటి సెంతోసాలో, కన్నాట్ బ్యాటరీ 9.2 అంగుళాల ఫిరంగులు కూడా నేల వైపు పేలాయి.

తేడా కొట్టింది గుండ్ల దగ్గర. 15 అంగుళాల వాటికి ఉన్నవి దాదాపు అన్నీ కవచాన్ని చీల్చే గుండ్లే. అలాంటి గుండు ఒళ్లంతా గట్టి ఉక్కు. పేలుడు పదార్థం బరువులో నూటికి రెండు మూడు పాళ్లే. అది ముందు నౌక ఉక్కు కవచాన్ని తొలుచుకుని లోపలికి పోవాలి, ఆ తర్వాత పేలాలి. అందుకే పేలడానికి కొద్దిగా ఆలస్యం పెడతారు. దాన్ని రబ్బరు తోటల మెత్తటి మట్టిలోకి కొడితే ఏమవుతుంది? నేలలోకి లోతుగా దిగిపోయి అక్కడ పేలుతుంది. పెద్ద గొయ్యి పడుతుంది, మట్టి లేస్తుంది, కాస్త దూరంలో పడుకున్న సైనికుడు దులుపుకుని లేస్తాడు. సైన్యం మీదికి కావలసింది నేలను తాకగానే ముక్కలై చిమ్మే గుండు. అవి 9.2 అంగుళాల వాటికి కొద్దిగా ఉన్నాయి, 15 అంగుళాల వాటికి లేనట్టే. పైగా నేల మీద లక్ష్యాన్ని చూసి చెప్పేవాళ్లు లేరు. గన్నర్ గారు చెప్పిన కొలత పద్ధతులన్నీ సముద్రం కోసం ఏర్పాటు చేసినవి.

జపాన్ వాళ్లు ఫిబ్రవరి 8 రాత్రి వాయవ్య తీరంలో సరింబున్ వైపు దిగారు. చాంగి నుంచి బ్రిటిష్ సైన్యం వెనక్కి పోతూ 12న జొహోర్ బ్యాటరీని తనే పేల్చేసింది. 15న బుకిట్ తిమా ఫోర్డ్ ఫ్యాక్టరీలో బ్రిటిష్ సేనాని పెర్సివల్ జపాన్ సేనాని యమషిటాకి లొంగిపోయాడు. తర్వాత ఆ చోటు మరుగున పడింది. 1991లో జైళ్ల శాఖ వాళ్లకి మళ్లీ బయటపడింది. 2002లో జనానికి తెరిచారు.

ఎర్రబస్సు

పాతకోటలు గారూ, మీరు రాసిందంతా ఒప్పుకుంటాను, కానీ ఫిరంగుల్ని మీరు మరీ వెనకేసుకొస్తున్నారు. అవి ఉత్తరానికి తిరిగాయా లేదా అన్నది చిన్న విషయం. అసలు అంత డబ్బు వాటి మీద పెట్టడమే తప్పు. 1920ల్లోనే వైమానిక దళాధిపతి ట్రెంచార్డ్ చెప్పాడు, ఫిరంగులు వద్దు, టార్పెడో విమానాలు పెట్టండి, నౌకలు దూరంగా ఉన్నప్పుడే కొట్టొచ్చు అని. వినలేదు. 1941 డిసెంబర్ 10న ఏమైంది? ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్, రెండు మహా నౌకలు, కువాంతాన్ దగ్గర సముద్రంలో జపాన్ విమానాల దెబ్బకి గంటల్లో మునిగాయి. ఏ నౌకాదళం కోసం స్థావరం కట్టారో ఆ నౌకలే పోయాయి. ఇక ఆ ఫిరంగులు ఎవరికి కాపలా?

పాతకోటలు

ఎర్రబస్సు గారూ, ట్రెంచార్డ్ మాట నిజం. కానీ విమానాలూ రాలేదు కదా. ఫిరంగులు మానేసి ఆ డబ్బుతో విమానాలు కొని సింగపూర్‌లో నిలబెట్టేవారా? యూరప్‌లో యుద్ధం మొదలవగానే కొత్త విమానాలన్నీ అక్కడికే పోయాయి. విమానాన్ని ఎక్కడికైనా ఎగరేసుకుపోవచ్చు, కాంక్రీటులో పాతిన ఫిరంగిని ఎవరూ ఎత్తుకుపోలేరు. 1942లో సింగపూర్‌కి మిగిలిన గట్టి బలం అదే.

ఇంకోటి. జపాన్ సముద్రం వైపునుంచి ఎందుకు రాలేదు? ఈ 29 ఫిరంగులు ఉన్నాయి కాబట్టే. బ్యాటరీ పేలకపోయినా శత్రువు ఆ దారి మానుకుంటే దాని పని అది చేసినట్టే.

ఎర్రబస్సు

ఆ దారి మానుకుని ఇంకో దారిన వచ్చాడు. ఆ ఇంకో దారికి తలుపు పెట్టలేదు. జపాన్ ఇలాగే చేస్తుందని ఎవరికీ తెలియదా? 1904లో పోర్ట్ ఆర్థర్‌లో రష్యావాళ్ల తీర ఫిరంగుల ముందుకి పోకుండా వెనక కొండల మీదినుంచి ముట్టడించారు. అదీ ఎలాగంటే, తమ దేశ తీరంలో బిగించి ఉన్న 28 సెంటీమీటర్ల ఫిరంగుల్నే ఊడదీసి ఓడల్లో తెచ్చి! 1914లో చింగ్‌తావ్‌లో జర్మన్ల మీదికీ నేల వైపునుంచే వచ్చారు. రెండుసార్లు చూశాక మూడోసారి సముద్రం వైపునుంచి వస్తారని కూర్చోవడం ఏమిటండీ?

పాతకోటలు

ఈ పోస్టుకి మీకు పూర్తి మార్కులు. పోర్ట్ ఆర్థర్ ఉదాహరణ దీనికి సరిగ్గా సరిపోతుంది. తెలియక కాదు, తెలిసీ చేయలేదు. 1937లో సింగపూర్‌లో స్టాఫ్ అధికారిగా ఉన్న పెర్సివల్ తన పైఅధికారి డాబీ కింద ఇదే రాశాడు: జపాన్ ఉత్తరాన థాయ్‌లాండ్, మలయా తూర్పు తీరాల్లో దిగి కిందికి వస్తుందని. 1941 డిసెంబర్ 8న కోటా బారులో సరిగ్గా అలాగే దిగారు. నాలుగేళ్ల ముందు ప్రమాదం చెప్పినవాడే చివరికి లొంగుబాటు కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. నేల వైపు కోటలు లేవని 1942 జనవరిలో తెలిసి చర్చిల్ నివ్వెరపోయాడు, అడుగు లేని యుద్ధనౌకలా ఉందన్నాడు.

నా మాట ఒక్కటే. తప్పు దిక్కు చూసింది ఫిరంగులు కావు, ప్రణాళిక. నాలుగేళ్లు చాలు నేల వైపు కట్టడాలకి, ఆ గుండ్ల జాబితాలో ఇంకో రకం చేర్చడానికి. కట్టినవాళ్లు, నడిపినవాళ్లు తమ పని తాము చేశారు. జనం నోట్లో మాత్రం నింద వాళ్ల మీద మిగిలిపోయింది. నాకు బాధ కలిగించేది అదే.

ఎర్రబస్సు

మనుషుల్ని నేనూ నిందించను. డబ్బు విషయంలో మాత్రం నా మాట నాదే.

ఇపో_లక్ష్మి

నమస్తే, నేను మలేషియా నుంచి. మా ముత్తాత కాలంలో శ్రీకాకుళం వైపునుంచి ఎస్టేటు పనికి వచ్చిన కుటుంబం మాది. ఇక్కడ తెలుగువాళ్ల ఇళ్లలో "జపాన్ కాలం" అనేది ఒక గుర్తు, పెద్దలు వయసులు కూడా దాన్ని బట్టే చెప్పేవారు.

ఇంత చర్చలో మన వాళ్ల మాట రాలేదని రాస్తున్నాను. అక్కడ ఫిరంగులు నడిపిన దళాల్లో హాంకాంగ్ అండ్ సింగపూర్ రాయల్ ఆర్టిలరీ అని ఒకటుంది. అందులో జవాన్లు భారతదేశం నుంచే, ఎక్కువగా పంజాబీ ముస్లింలు, సిక్కులు. సింగపూర్ పడిపోయినప్పుడు బందీలైన భారతీయ సైనికులు 40 వేల పైచిలుకు. ఫిబ్రవరి 17న ఫరర్ పార్కులో వాళ్లందరినీ నిలబెట్టి జపాన్ మేజర్ ఫుజివారాకి అప్పగించారు. మోహన్ సింగ్ ఆధ్వర్యంలో ఆజాద్ హింద్ ఫౌజ్‌కి మొదటి అడుగు అక్కడే పడింది. సుధ గారూ, ఫరర్ పార్కు మీకు దగ్గరే కదా, లిటిల్ ఇండియా పక్కన. నాన్నగారిని అక్కడికీ తీసుకెళ్లండి. చూడ్డానికి మైదానమే, కానీ వెళ్లాలి.

జురాంగ్_సుధ

లక్ష్మి గారూ, కూరగాయలకి ఆ పక్కకే పోతాం. ఫరర్ పార్కు గురించి ఇది తెలియదు. తప్పకుండా తీసుకెళ్తాను.

మూర్తి_చెన్నపట్నం

ఆలస్యంగా చూశాను. మన తీరం సంగతి ఒకటి కలుపుతాను. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు ముందుకొచ్చి బర్మా ఆయిల్ ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. అప్పట్లో అది తెలుగువాళ్లకీ రాజధానే. ట్యాంకులు అంటుకున్నాయి. తీరం మీది ఫిరంగులు జవాబిచ్చాయి గానీ ఒక్క దెబ్బా తగల్లేదు. చీకట్లో నౌక వచ్చింది, పని చూసుకుని పోయింది. గన్నర్ గారి పోస్టు చదివాక ఎందుకు తగల్లేదో నాకు ఇప్పుడు బోధపడింది. రాత్రిపూట నీళ్ల అంచు కనబడకపోతే కోణం ఎక్కడ వంచుతారు?

ఇక వాసు గారి ఊరు. సింగపూర్ పడిపోయిన సరిగ్గా 50 రోజులకు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అవి ర్యూజో అనే విమాన వాహక నౌక మీదినుంచి లేచినవి. నౌక తీరం దగ్గరికి రానక్కర్లేదు, విమానాలు వస్తే చాలు. తీర ఫిరంగి ఎంత గట్టిదైనా ఆకాశం వైపు చేయగలిగింది లేదు. ఈ ఒక్క విషయంలో ఎర్రబస్సు గారితో నేను ఏకీభవిస్తాను.

గన్నర్_రిటైర్డ్

మూర్తి గారూ, రాత్రి కోసమే సెర్చ్‌లైట్లు. సింగపూర్‌లో నీళ్ల ఒడ్డునే చిన్న కాంక్రీటు గదుల్లో వరసగా పెట్టారు. కొన్ని తిరిగేవి, నౌక వెంట పడేవి. కొన్ని కదలకుండా వెలుగు పరిచి ఉంచేవి, ఆ వెలుగు దాటకుండా ఏ పడవా రేవులోకి రాలేదు. లైటుకీ ఫిరంగికీ మధ్య దూరం ఉంచేవారు, లైటు మీద గురిపెట్టి కొట్టేవాడికి ఫిరంగి దొరక్కూడదని. చిన్న టార్పెడో పడవల కోసం వేరే చిన్న గన్స్, త్వరత్వరగా పేలేవి. 15 అంగుళాలది పెద్ద నౌకకి, 6 అంగుళాలది దగ్గరికొచ్చినదానికి, చిన్నవి రేవు నోట్లో దూరేవాటికి. పొరలు పొరలుగా ఉంటుంది ఏర్పాటు.

ఇటుకా_సున్నం

సుధ గారూ, నాన్నగారు ఉండగానే సిలోసో చూపించండి. 2022 ఫిబ్రవరి 15న, సింగపూర్ పతనానికి 80 ఏళ్లు నిండిన రోజున, దాన్ని జాతీయ కట్టడంగా ప్రకటించారు. టికెట్ లేదు. పైకి వెళ్లడానికి లిఫ్టు, స్కైవాక్ ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లకు మెట్ల బాధ లేదు. లొంగుబాటు దృశ్యాన్ని మైనపు బొమ్మలతో అక్కడే పెట్టారు.

పిల్లలు ఫిరంగుల మీదికే పోతారు, మీరు మాత్రం వాటి కిందికి చూడండి. ఫిరంగి కూర్చునే చోట కాంక్రీటులో గుండ్రంగా పాతిన బోల్టులు, వాటి చుట్టూ ఉక్కు వలయం కనిపిస్తాయి. పేలిన ప్రతిసారీ వెనక్కి కొట్టే దెబ్బంతా ఆ బోల్టులే నేలలోకి దింపాలి. ఒక్కో బోల్టు బొటనవేలు కాదు, మణికట్టంత లావు. చుట్టూ గోడలో చిన్న చిన్న గూళ్లు ఉంటాయి, వెంటనే అందుకోవడానికి కొన్ని గుండ్లు అందులో పెట్టుకునేవారు.

ఒక సంగతి పిల్లల ముందు చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. లొంగిపోయాక జపాన్ వాళ్లు ఊళ్లో చైనీయుల్ని ఏరి చంపారు. సముద్రంలో కొట్టుకొచ్చిన సుమారు 300 శవాలను ఈ ద్వీపంలో బందీలుగా ఉన్న ఫిరంగి దళంవాళ్లే పాతిపెట్టారు. బ్లాకాంగ్ మాటి పేరు మార్చి సెంతోసా అని విహారస్థలం చేశారు గానీ ఆ నేల ఇదే.

జురాంగ్_సుధ

పెద్దవాడికి చెబుతాను, చిన్నవాడికి ఇప్పుడే వద్దు. నాన్నగారు మీ అందరికీ నమస్కారాలు చెప్పమన్నారు. ఆయనది ఒక ప్రశ్న మిగిలింది: సిలోసోలో ఫిరంగులు ఏ నీళ్లకి కాపలా? జొహోర్ బ్యాటరీ జలసంధికి అని అర్థమైంది, ఇది ద్వీపానికి దక్షిణాన కదా?

గన్నర్_రిటైర్డ్

సిలోసో ఊరి రేవుకి కాపలా అమ్మా. కెపెల్ హార్బర్ పడమటి నోటి దగ్గర ఇవతల సిలోసో, సన్నటి నీళ్లకి అవతల సింగపూర్ వైపు లాబ్రడార్ బ్యాటరీ. రెండిట్లోనూ 6 అంగుళాల ఫిరంగులే. లోపలికి దూరే నౌక రెండు బ్యాటరీల మధ్యనుంచే పోవాలి, ఎటు తిరిగినా ఒకదానికి పక్క ఇవ్వాల్సిందే. ఉదయం సిలోసో చూసుకుని సాయంత్రం ఎండ తగ్గాక లాబ్రడార్ పార్కుకి వెళ్లండి, మెట్రో స్టేషన్ ఉంది. అక్కడా పాత ఫిరంగి గుంటలు మిగిలి ఉన్నాయి. నాన్నగారిని రెండుచోట్లా నీళ్ల వైపు నిలబెట్టి అవతలి ఒడ్డు చూపించండి, ఇంకెవరూ చెప్పక్కర్లేదు ఆయనకి.